కోహౌసింగ్‌లో చోటెవరికి?

కోహౌసింగ్ అనేది కొన్ని కుటుంబాలు ముందుగా ఒక బృందంగా ఏర్పడి, తాము ఉండబోయే నివాస సముదాయాన్ని తామే రూపొందించుకుని, ఎవరి ఇంట్లో వారు ఉంటూనే కొన్ని వసతులను, కొన్ని పనులను ఉమ్మడిగా నిర్వహించుకునే పద్ధతి. ప్రతి కుటుంబానికి సొంత వంటగది, సొంత గదులు ఉంటాయి. వాటికి తోడు అందరికీ కలిపి ఉమ్మడి గృహం, అంటే పెద్ద వంటశాల, భోజనశాల, పిల్లల ఆటగది, బట్టలుతికే గది, అతిథుల గది ఉన్న భవనం ఒకటి ఉంటుంది. వారంలో కొన్ని పూటలు వంతులవారీగా వండి అందరూ సహపంక్తి భోజనం చేస్తారు. తోటపని, మరమ్మతులు, జమాఖర్చులు వంటి బాధ్యతలను పంచుకుంటారు. సముదాయానికి సంబంధించిన నిర్ణయాలను సమావేశాల్లో చర్చించి తీసుకుంటారు. ఆదాయం ఎవరిది వారిదే కనుక ఇది సంపాదనంతా ఒక్కచోట చేరే కమ్యూన్ కాదు. బిల్డరు కట్టి అమ్మిన ఫ్లాట్లలో చేరినవారు ఆ తరవాత సంఘం పెట్టుకునే అపార్ట్‌మెంటు పద్ధతి కూడా కాదు, ఎందుకంటే ఇక్కడ సంఘం ముందు, భవనం తరవాత.

ఒంటరితనం తగ్గడం, పిల్లల పెంపకంలో తోడు దొరకడం, వృద్ధాప్యంలో ఆసరా, వనరుల పొదుపు అనే ప్రయోజనాలను చూపి ఈ పద్ధతిని సమర్థించేవారు డెన్మార్క్ నుంచి అమెరికా వరకు అనేకులు ఉన్నారు. ఆ ప్రయోజనాలను విమర్శకులు కూడా పెద్దగా కాదనరు. వారు అడిగేది ఆ ప్రయోజనాలు ఎవరికి అందుతున్నాయన్నదే. ఇందులో రెండు అంశాలు ఇమిడి ఉన్నాయి. మొదటిది అందుబాటు ధర, అంటే సామాన్య ఆదాయం గల కుటుంబం మిగతా అవసరాలను కుదించుకోకుండా ఆ ఇంటి ఖర్చును భరించగలగడం. రెండవది సమ్మిళితత్వం, అంటే జాతి, వర్గం, చదువు, వయస్సు, అంగవైకల్యం వంటి కారణాలు చేరికకు అడ్డు కాకపోవడం. మొదటిది కుదిరితే రెండవది దానంతట అదే కుదురుతుందని చాలామంది అనుకుంటారు గాని, గత యాభై ఏళ్ల అనుభవం అలా చెప్పదు.

ఈ ఉద్యమానికి నాంది పలికినవారే మధ్యతరగతి విద్యావంతులు. డెన్మార్క్‌కు చెందిన వాస్తుశిల్పి యాన్ గుడ్‌మాండ్ హోయర్ 1964లో కొందరు మిత్రులతో కలిసి చర్చలు ప్రారంభించి, కోపెన్‌హేగన్ శివారులో ఇళ్లు కట్టుకోబోగా పొరుగువారి అభ్యంతరాల వల్ల ఆ ప్రయత్నం ఆగిపోయింది. 1967లో బోడిల్ గ్రా అనే రచయిత్రి, ప్రతి బిడ్డకూ వందమంది తల్లిదండ్రులు ఉండాలన్న భావంతో ఒక దినపత్రికలో వ్యాసం రాయగా, దానికి స్పందించిన కుటుంబాలూ హోయర్ రాసిన ఒక వ్యాసాన్ని చదివి ముందుకు వచ్చిన కుటుంబాలూ కలిసి చేసిన ప్రయత్నాల ఫలితంగా 1972లో హిల్లెరోడ్ సమీపాన 27 ఇళ్లతో సెట్టెడామెన్, 1973లో స్క్రాప్లానెట్ అనే సముదాయాలు వెలిశాయి. ఈ రెండూ సొంత ఇళ్ల పద్ధతిలో కట్టినవే కనుక స్థలం కొనగలిగి, అప్పు తెచ్చుకోగలిగి, పత్రికల్లో వచ్చే సామాజిక చర్చలను అనుసరించే అలవాటు ఉన్నవారే వాటిలో చేరగలిగారు.

అంతకుముందు స్వీడన్‌లో జరిగిన ప్రయోగం కూడా ఇలాంటిదే. 1935లో స్టాక్‌హోమ్ నగరంలో వాస్తుశిల్పి స్వెన్ మార్కేలియస్, సామాజిక సంస్కర్త ఆల్వా మీర్డాల్ ఆలోచనలతో ఒక ఉమ్మడి భవనం నిర్మించారు. ఉద్యోగం చేసే తల్లులకు వెసులుబాటు కలిగించాలన్న ఉద్దేశంతో అందులో శిశు సంరక్షణ కేంద్రాన్నీ, కేంద్ర వంటశాల నుంచి ఫ్లాట్లకు భోజనం పంపే చిన్న లిఫ్టులనూ ఏర్పాటు చేశారు. ఆ ఆలోచన శ్రామిక కుటుంబాల క్షేమాన్ని దృష్టిలో పెట్టుకున్నదే అయినా, అక్కడ నివాసమున్నవారిలో అత్యధికులు ప్రగతిశీల భావాలు గల మేధావులే. సంకల్పం ఎంత ఉదారమైనదైనా, దానిని అమలు చేసే ఆర్థిక ఏర్పాటు ఎవరికి అనుకూలిస్తే వారే లోపలికి వస్తారన్న సంగతి ఈ విధంగా తొలినాళ్లలోనే తేలింది.

అమెరికాకు ఈ పద్ధతిని పరిచయం చేసినవారు క్యాథరిన్ మెకామంట్, చార్లెస్ డ్యూరెట్ అనే వాస్తుశిల్పుల జంట. వారు డెన్మార్క్‌లోని సముదాయాలను పరిశీలించి 1988లో ప్రచురించిన పుస్తకంతోనే కోహౌసింగ్ అన్న పేరు వ్యాప్తిలోకి వచ్చింది; 1991లో కాలిఫోర్నియాలోని డేవిస్ పట్టణంలో 26 ఇళ్లతో మ్యూర్ కామన్స్ వెలసింది. ఆ తరవాత వచ్చిన సముదాయాల్లో నివసించేవారు అమెరికా జనాభాతో పోల్చినప్పుడు ఎక్కువగా శ్వేతజాతీయులు, ఉన్నత విద్యావంతులు, సగటుకు మించిన ఆదాయం గలవారు అని పలు అధ్యయనాలు తేల్చాయి. ఇలాంటి జీవనం తక్కినవారికి ఇష్టం లేదు కాబోలు అని సరిపెట్టుకోవడానికి వీలు లేకుండా, 2018లో రాబర్ట్ బోయర్, సుజాన్ లీలాండ్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఒక వాస్తవాన్ని ముందుకు తెచ్చింది: కోహౌసింగ్ మీద ఆసక్తి చూపేవారిలో ఉన్న వైవిధ్యం, అందులో నిజంగా నివసిస్తున్నవారిలో కనిపించదు. అంటే కోరిక అందరిలో ఉంది, చేరిక కొందరికే దక్కుతోంది.

ఈ అంతరానికి మొదటి కారణం నిర్మాణంలో ఇమిడి ఉన్న ఆర్థిక క్రమం. సాధారణ గృహ నిర్మాణంలో బిల్డరు తన పెట్టుబడితోనో బ్యాంకు రుణంతోనో స్థలం కొని, అనుమతులు తెచ్చి, నష్టభయాన్ని తానే మోస్తాడు. కొనుగోలుదారు పూర్తయిన ఇంటిని చూసి గృహరుణం తీసుకుంటాడు. కోహౌసింగ్‌లో ఆ నష్టభయం కాబోయే నివాసుల మీదే పడుతుంది. స్థలానికి బయానా, వాస్తుశిల్పి రుసుము, న్యాయవాది రుసుము, సాధ్యాసాధ్యాల పరిశీలన వంటి ఖర్చులకు బ్యాంకు రుణం దొరకకముందే సభ్యులు చేతి డబ్బు పెట్టాలి. అనుమతి రాకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. బృందం ఏర్పడిన నాటి నుంచి గృహప్రవేశం వరకు ఏళ్లు పడుతుంది కనుక, ఆ కాలమంతా ఒకవైపు ఉన్న ఇంటి అద్దె కడుతూ మరొకవైపు పెట్టుబడి పెట్టగలిగినవారే చివరి వరకు నిలుస్తారు. నిల్వ సొమ్ము లేని కుటుంబం ఎంత ఉత్సాహంతో మొదటి సమావేశానికి వచ్చినా నడుమనే తప్పుకోక తప్పదు.

దీనికి తోడు ఉమ్మడి గృహం ఖర్చు ప్రతి ఇంటి ధరలోనూ కలుస్తుంది. వసతులు పంచుకోవడం వల్ల సొంత ఇల్లు చిన్నదైనా సరిపోతుందని, ఆ మేరకు ధర తగ్గుతుందని సమర్థకులు చెబుతారు. కరెంటు, వాహనాలు, పిల్లల సంరక్షణ వంటి నిత్య వ్యయాలలో పొదుపు జరిగే మాట కూడా వాస్తవమే. అయితే ఆ పొదుపు లోపలికి వచ్చిన తరవాత నెలనెలా కలిగేది. లోపలికి రావడానికి కావలసింది మాత్రం ఒకేసారి చెల్లించవలసిన పెద్ద మొత్తం. పేద కుటుంబానికి అడ్డు తగిలేది ఈ రెండవదే.

విమర్శకులు అంతకంటే తీవ్రంగా పరిగణించే అంశం రెండవ అమ్మకం. అమెరికాలో అత్యధిక సముదాయాలు చట్టరీత్యా కండోమినియం రూపంలో ఉంటాయి, అంటే ఇల్లు వ్యక్తి ఆస్తి, ఉమ్మడి స్థలంలో అతనికి ఒక వాటా. మొదటి నివాసులు కష్టపడి చౌకగా కట్టుకున్నప్పటికీ, వారిలో ఒకరు వెళ్లిపోయేటప్పుడు ఆ ఇల్లు బజారు ధరకే అమ్ముడవుతుంది. పైగా చక్కని ఇరుగుపొరుగు, చూడముచ్చటైన తోటలు ఆ ధరను ఇంకా పెంచుతాయి. అందరూ కలిసి సృష్టించిన విలువ అమ్ముకునే ఒకరి చేతిలో లాభంగా మిగిలిపోతుంది, కొత్తగా వచ్చేవారి ఆదాయస్థాయి ప్రతి విడతకూ పెరుగుతూ పోతుంది. జర్మనీలో బౌగ్రుప్పెన్ అని పిలిచే నిర్మాణ బృందాల మీద కూడా, బెర్లిన్ వంటి నగరాల్లోని పాత శ్రామికవాడల్లో మధ్యతరగతి స్థిరపడి అద్దెలు పెరగడానికి అవి తోడ్పడుతున్నాయన్న విమర్శ ఉంది.

ధర సమస్యను పక్కన పెట్టినా సమ్మిళితత్వానికి అడ్డంకులు మిగిలే ఉంటాయి. అమెరికాలో 1968 నాటి న్యాయమైన గృహవసతి చట్టం, దానికి తరవాత జరిగిన సవరణలు, జాతి, మతం, లింగం, అంగవైకల్యం, పిల్లలు ఉండటం వంటి కారణాలతో ఇల్లు నిరాకరించడాన్ని నిషేధిస్తాయి కనుక, సముదాయాలు బాహాటంగా ఎవరినీ కాదనలేవు. అక్కడ జరిగేది స్వీయ ఎంపిక, అంటే తమకు సరిపడుతుందని భావించినవారే ముందుకు రావడం, సరిపడదనుకున్నవారు తమంతట తామే వెనక్కి తగ్గడం. పరిచయస్తుల ద్వారా సాగే ప్రచారం, పర్యావరణం గురించి ఒకే ధోరణి మాటలు, ఉమ్మడి భోజనంలో ఒకే తరహా వంటకాలు, గదిలో తమ రంగువారు మరొకరు కనిపించకపోవడం వంటివి ఏ నిబంధనా రాయకుండానే కొందరిని దూరంగా ఉంచుతాయి. ఎవరూ వెళ్లగొట్టలేదు కనుక బాధ్యులూ ఎవరూ కనిపించరు. అందువల్లనే ఈ రకమైన వెలిని సరిదిద్దడం కష్టం.

సమయం మరొక అడ్డంకి. ఏకాభిప్రాయ నిర్ణయం, అంటే ఓట్ల మెజారిటీతో కాక, సభ్యులెవరికీ గట్టి అభ్యంతరం లేనంతవరకు చర్చ కొనసాగించి నిర్ణయానికి రావడం, అనేక సముదాయాల్లో ఆదర్శంగా పాటించే పద్ధతి. దానికి గంటల తరబడి సమావేశాలు, కమిటీలు, నెలకు ఇన్ని గంటలని ఉమ్మడి పని అవసరమవుతాయి. షిఫ్టుల్లో పనిచేసేవారికి, రెండు ఉద్యోగాలు చేసేవారికి, పిల్లలను ఒంటరిగా పెంచుతున్న తల్లికి ఆ సమయం ఉండదు. సమావేశంలో నెగ్గుకురావాలంటే సభలో మాట్లాడే నేర్పు, పత్రాలు చదివి వ్యాఖ్యానించే అలవాటు, ఆ దేశపు భాష మీద పట్టు కూడా కావాలి. సమాజ శాస్త్రవేత్తలు సాంస్కృతిక పెట్టుబడి అని పిలిచేది ఇదే: చదువు, పెంపకం, పరిచయాల ద్వారా సంక్రమించి, డబ్బు లాగానే తలుపులు తెరిచే సామర్థ్యం. అంగవైకల్యం గలవారి విషయంలో అడ్డంకి మరీ ప్రత్యక్షంగా ఉంటుంది. వాహనాలను సముదాయం అంచునే నిలిపి లోపల నడక దారులు మాత్రమే ఉంచడం పిల్లల భద్రతకు మేలు చేసినా, నడవలేనివారికి అది దూరాభారమే.

ఈ లక్షణాలన్నిటినీ గమనించి ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో కియోడెల్లి, వలేరియా బాల్యోనే 2014లో ఒక ఘాటైన వాదన చేశారు. ప్రైవేటు ఒప్పందాల ద్వారా నియమాలు ఏర్పరచుకోవడం, తమకు నచ్చినవారితోనే ఇరుగుపొరుగును నింపుకోవడం, ఉమ్మడి వసతులను తమకే పరిమితం చేసుకోవడం వంటి విషయాల్లో కోహౌసింగ్‌కు, ప్రహరీ గోడల మధ్య ఉండే గేటెడ్ కమ్యూనిటీకి పోలికలు ఉన్నాయని, అందుచేత దానిని మరీ ఆకాశానికి ఎత్తకుండా జాగ్రత్తగా అర్థం చేసుకోవాలని వారు సూచించారు. అదే ఏడాది మరియా లారా రుయూ అనే పరిశోధకురాలు ఈ రెండింటి మధ్య తేడాలను వివరించారు. గేటెడ్ కమ్యూనిటీని బిల్డరు లాభం కోసం కట్టి భద్రత పేరుతో అమ్ముతాడని, కోహౌసింగ్‌ను నివాసులే నిర్మించుకుని, చాలాచోట్ల ఉమ్మడి గృహాన్ని చుట్టుపక్కలవారి కార్యక్రమాలకు కూడా ఇస్తారని సమర్థకుల వాదన. రెండు వాదనల్లోనూ నిజం ఉంది. ఉద్దేశాల దృష్ట్యా ఇవి వేరువేరు. ఫలితాల దృష్ట్యా, ధర ఒకే స్థాయిలో ఉన్నప్పుడు, ఇవి దగ్గరి చుట్టాలు.

విమర్శకు సమాధానంగా జరిగిన ప్రయత్నాలను పరిశీలిస్తే, ఏది పనిచేసిందో, ఎంతవరకు పనిచేసిందో తెలుస్తుంది. డెన్మార్క్‌లోనే 1978లో టింగ్‌గోర్డెన్ అనే సముదాయాన్ని లాభాపేక్ష లేని గృహసంస్థ అద్దె ఇళ్లుగా నిర్మించింది. స్వీడన్‌లో 1970ల చివరి నుంచి మునిసిపల్ గృహ సంస్థలు కట్టిన ఉమ్మడి భవనాలను నివాసులు అద్దెకు తీసుకుని తామే నిర్వహించుకుంటున్నారు. స్టాక్‌హోమ్‌లో 1993లో మొదలైన ఫార్డ్‌క్నాపెన్ ఇలాంటిదే. పిల్లలు ఇల్లు విడిచి వెళ్లిన నడివయస్కులకు, వృద్ధులకు ఉద్దేశించినది. ఇలాంటి చోట్ల స్థలం కొనవలసిన భారం లేదు కనుక ధర అడ్డు చాలావరకు తొలగింది. అయినా స్వీడన్ ఉమ్మడి భవనాల నివాసులు సంపన్నులు కాకపోయినా చదువు, సాంస్కృతిక పెట్టుబడి అధికంగా ఉన్నవారేనని ఆ రంగంలో సుదీర్ఘంగా పరిశోధించిన డిక్ ఉర్బాన్ వెస్ట్‌బ్రో గుర్తించారు. అందుబాటు ధర సమ్మిళితత్వానికి అవసరమే గాని, అదొక్కటే చాలదని దీనివల్ల స్పష్టమవుతుంది.

బ్రిటన్‌లోని లీడ్స్ నగరంలో 2013లో పూర్తయిన లిలాక్ అనే 20 ఇళ్ల సముదాయం రెండవ అమ్మకం సమస్యకు ఒక పరిష్కారం చూపింది. అక్కడ ఇళ్లన్నీ ఒక పరస్పర సహకార సంఘానివే. ప్రతి కుటుంబం తన నికర ఆదాయంలో 35 శాతం చెల్లిస్తూ సంఘంలో వాటాలు కూడబెట్టుకుంటుంది. వెళ్లిపోయేటప్పుడు వాటాల విలువ ఇళ్ల బజారు ధరను బట్టి కాక దేశంలోని సగటు వేతనాల పెరుగుదలను బట్టి నిర్ణయమవుతుంది. దీనివల్ల ఇల్లు ధరల పెరుగుదల మీద లాభం చేసుకునే సాధనం కాకుండా నిలిచింది. అయితే రుణం తీరాలంటే చేరేవారికి కనీస ఆదాయం ఉండాలన్న నియమం తప్పలేదు కనుక, నిరుపేదలకు అక్కడ కూడా చోటు లేదు.

లండన్‌లోని బార్నెట్ ప్రాంతంలో యాభై ఏళ్లు దాటిన స్త్రీలు 2016లో ప్రవేశించిన న్యూ గ్రౌండ్ అనే భవనంలో 25 ఫ్లాట్లు ఉండగా, 17 సభ్యుల సొంతం, 8 తక్కువ అద్దెకు ఇచ్చే సామాజిక గృహాలు. ఒక దాతృత్వ సంస్థ సహాయం, మహిళల గృహవసతి కోసం పనిచేసే సంస్థ భాగస్వామ్యం తోడవడం వల్లనే ఈ మిశ్రమం సాధ్యమైంది. కాని 1998లో బృందం ఏర్పడిన నాటి నుంచి గృహప్రవేశానికి 18 ఏళ్లు పట్టింది. వయస్సు మీదపడిన వారిని అంతకాలం నిరీక్షింపజేసే విధానాన్ని ఎవరూ ఆదర్శమని చెప్పలేరు.

యూరప్‌లోని మరికొన్ని నగరాలు సమస్యను మూలం దగ్గరే, అంటే భూమి దగ్గరే పట్టుకున్నాయి. బార్సిలోనాలో 2018లో నివాసులు చేరిన లా బోర్దా అనే 28 ఇళ్ల సహకార భవనానికి నగరపాలక సంస్థ 75 ఏళ్ల లీజుకు స్థలం ఇచ్చింది. నివాసులకు ఉండే హక్కే తప్ప అమ్ముకునే హక్కు లేదు. జ్యూరిక్‌లో 2011లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ, 2050 నాటికి నగరంలోని అద్దె ఇళ్లలో మూడోవంతు లాభాపేక్ష లేనివిగా ఉండాలని తీర్మానించింది. 2015లో అక్కడ పూర్తయిన మేర్ ఆల్స్ వోనెన్ అనే సహకార వాడలో 13 భవనాల్లో సుమారు 1,200 మంది నివసిస్తున్నారు. జర్మనీలో ఫ్రైబర్గ్ కేంద్రంగా ఉన్న మీట్స్‌హాయిజర్ సిండికాట్ మరొక ఉపాయం కనిపెట్టింది. ప్రతి భవనం ఒక చిన్న కంపెనీ పేరున ఉంటుంది. ఆ కంపెనీలో నివాసుల సంఘం ఒక భాగస్వామి, సిండికాట్ రెండవ భాగస్వామి. భవనాన్ని అమ్మాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి కనుక అది సులభంగా బజారుకెక్కదు. పాత భవనాలు చెల్లించే సొమ్ముతో కొత్త భవనాలకు సాయం అందుతుంది. నూటయాభైకి పైగా భవనాలు ఈ పద్ధతిలో నడుస్తున్నాయి.

ఈ చర్చ తెలుగు నగరాలకు దూరమైనది కాదు. హాంబర్గ్ వంటి జర్మన్ నగరాల్లో ప్రభుత్వ స్థలాలను ఎక్కువ ధర పాడినవారికి కాక, మెరుగైన సామాజిక ప్రణాళిక ఇచ్చిన నివాస బృందానికి కేటాయించే పద్ధతి ఉండగా, 2023 ఆగస్టులో హైదరాబాద్ సమీపంలోని కోకాపేటలో జరిగిన ప్రభుత్వ వేలంలో ఎకరం గరిష్ఠ ధర 100 కోట్ల రూపాయలు దాటింది. అలాంటి నేల మీద ఏ ఆదర్శంతో ఇల్లు కట్టినా అది సామాన్యుడికి అందదు. సమ్మిళితత్వం విషయంలో కూడా భారతదేశానికి సొంత అనుభవం ఉంది. అహ్మదాబాద్‌లోని ఒక పార్సీ గృహనిర్మాణ సహకార సంఘం తన సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకోవడాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. సంఘంగా ఏర్పడే హక్కును ఆ తీర్పు కాపాడినా, ఆ హక్కే కులం, మతం, ఆహారపు అలవాట్ల ఆధారంగా కాలనీలు విడిపోవడానికి ఆసరా అవుతుందన్న ఆందోళన సహేతుకమే. భావసారూప్యం గలవారంతా ఒకచోట ఉండాలన్న కోహౌసింగ్ సూత్రాన్ని కుల సమాజంలోకి యథాతథంగా తెచ్చుకుంటే అది ఎక్కడికి దారి తీస్తుందో ఊహించడం కష్టం కాదు.

మొత్తం మీద కోహౌసింగ్ మీద వచ్చిన విమర్శ ఆ పద్ధతిని తోసిపుచ్చదు. దానికి మూడు పరీక్షలు పెడుతుంది. భూమి ఎవరి ఆధీనంలో ఉంది అన్నది మొదటిది; ఒక ఇల్లు ఖాళీ అయినప్పుడు అది ఏ ధరకు, ఏ క్రమంలో మరొకరికి వెళుతుంది అన్నది రెండవది; తీరిక, చదువు, మాటనేర్పు లేనివారు కూడా సమానంగా పాల్గొనేలా సమావేశాలు, పనివంతులు అమరి ఉన్నాయా అన్నది మూడవది. మొదటి రెండింటికి ప్రభుత్వ భూమి, అమ్మకం మీద శాశ్వత నియంత్రణ, సామాజిక అద్దె ఇళ్లకు నిర్ణీత వాటా వంటి చట్టబద్ధమైన ఏర్పాట్లు కావాలి. మూడవది నివాసుల చేతిలోనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో వృద్ధుల కోసమో మధ్యతరగతి కోసమో ఉమ్మడి నివాసాల ఆలోచన చేసే గృహసంఘాలు, వాటికి స్థలాలిచ్చే ప్రభుత్వాలు ఈ మూడు ప్రశ్నలకు పునాది తీయకముందే సమాధానం రాసుకోవాలి, ఎందుకంటే ఇళ్లు అమ్ముడుపోయిన తరవాత వాటి యాజమాన్య నిబంధనలను మార్చగలిగిన సముదాయాలు అరుదు.